దీపాలవేళ మీటింగు: ఇంటి నుంచి పనిచేసే తల్లికి తృప్తి ఎక్కడ దొరుకుతుంది?

న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది గంటలైతే, వేసవి కాలమంతా హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాన్ని ఒక గంట వెనక్కి జరిపాక అదే మీటింగు మనకు ఏడున్నరకు మారుతుంది, మళ్లీ మార్చి రెండో ఆదివారం దాకా అలాగే సాగుతుంది. అమెరికా బృందంతో కలిసి పనిచేసే తల్లి ఉన్న ఇంట్లో ఈ ఒక్క గంట తేడాకు పిల్లవాడి స్నానం వేళ, అన్నం వేళ, నిద్ర వేళ, దేవుడి దగ్గర దీపం పెట్టే వేళ అన్నీ కదులుతాయి. ఆరున్నర మీటింగు ఉన్న నెలల్లో దీపం ఆరు గంటలకే వెలగాలి, పిల్లవాడి అన్నం మీటింగు అయ్యేదాకా ఆగాలి. ఏడున్నరకు మారిన నెలల్లో అన్నం ముందే తినిపించేయాలి, నిద్రపుచ్చడం మాత్రం తొమ్మిది దాటుతుంది. పిల్లవాడికి ఈ గడియారాల సంగతి తెలియదు. చీకటి పడగానే వాడికి అమ్మ ఒడి కావాలి, సరిగ్గా ఆ సమయానికే అమ్మ చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటుంది.

"ఇంట్లోనే కదా పని, ఇంకేం కావాలి?" అనే మాట వినని తల్లి ఉండదు. ఆ మాటలో నిజం లేదనడం సరికాదు. రోజూ రెండు మూడు గంటల ట్రాఫిక్ తప్పుతుంది, పాలు తాగే బిడ్డ పక్క గదిలోనే ఉంటుంది, జ్వరం వచ్చిన రోజున సెలవు అడగకుండానే నుదుటి మీద చెయ్యి వేసి చూడవచ్చు. బిడ్డను డే కేర్‌లో దింపి, ఏడుపు చెవిలో మోగుతుండగా బస్సెక్కే తల్లికి ఇది నిజంగా వరమే. అయినా ఆ వరం దక్కిన తల్లులే రాత్రి పదకొండింటికి ల్యాప్‌టాప్ మూసి, పిల్లవాడి పక్కన పడుకుని, ఈ రోజు ఉద్యోగమూ సరిగా చేయలేదు, బిడ్డనూ సరిగా చూసుకోలేదు అనుకుంటూ కళ్లు మూసుకుంటున్నారు. అలాంటి తల్లికి తృప్తి అనే మాట ఏం చెప్పగలదు, దేవుడి మీది నమ్మకం ఎంతవరకు ఆసరా కాగలదు అన్నది ఆలోచించదగ్గ విషయం. ఎందుకంటే ఈ రెండు మాటలూ ఆమెకు ఊరట కలిగించడానికి ఎంతగా పనికొస్తాయో, ఆమె నోరు మూయించడానికీ అంతగానూ పనికొస్తాయి.

ఇంటి నుంచి పని 2020 మార్చిలో లాక్‌డౌన్‌తోనే మొదలైందని చాలామంది అనుకుంటారు. ల్యాప్‌టాప్ పనికి అది కొంతవరకు నిజం. తెలుగు నేల మీద ఆడవారికి మాత్రం ఇంటి పనిలో కలిసిపోయిన కూలి పని తరతరాలుగా తెలిసినదే. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో అది ఇంటింటి పనిగా స్థిరపడి, సముద్రాలు దాటి అమ్ముడుపోయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి ప్రాంతాల్లో బీడీలు చుట్టే పని కూడా ఇటువంటిదే. అక్కడి ఇంటి వసారాలో కనిపించే దృశ్యం ఒకటుంది. ఒళ్లో చాట, చాటలో తడిపి కత్తిరించిన తునికాకు, తంబాకు, దారపు కండె. వేళ్లు ఆకును చుట్టి, మడిచి, దారం కట్టి కింద పెడుతుంటాయి. పక్కనే దూలానికి వేలాడే చీర ఊయల, దానికి కట్టిన తాడు రెండో కొస తల్లి కాలి బొటనవేలికి. చేతులు వెయ్యి బీడీల లెక్క పూర్తి చేస్తుంటే కాలు బిడ్డను ఊపుతుంటుంది. రెండు పనులు ఒకే శరీరంలో ఇంతగా కలిసిపోవడాన్ని ఇంతకంటే స్పష్టంగా చూపించే చిత్రం మరొకటి ఉండదేమో.

నరసాపురం లేసు స్త్రీల జీవితాన్ని 1970ల చివర్లో దగ్గర నుంచి గమనించిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఒక కీలకమైన విషయాన్ని బయటపెట్టారు. ఇంటి చాకిరీ మొత్తం చేసుకుంటూనే ఆ స్త్రీలు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. వ్యాపారుల లెక్కలో మాత్రం వారు శ్రామికులు కారు, తీరిక వేళల్లో చేతి పని చేసుకునే గృహిణులు. ఆ పేరు వల్లే కూలి తక్కువగా ఉండిపోయింది. గడప దాటకుండా సంపాదించడం పరువుగా భావించే కుటుంబాలకు కూడా ఆ పేరు అనుకూలంగానే ఉండేది. పనికి పెట్టిన పేరు ఆ పని విలువను ఎలా మింగేస్తుందో ఆ పరిశీలన చెబుతుంది. ఆ లేసు స్త్రీకి, నెలకు లక్ష రూపాయలు సంపాదించే సాఫ్ట్‌వేర్ ఉద్యోగినికి ఆదాయంలో పోలిక లేదు. అయినా "ఇంట్లోనే ఉంటుంది కదా" అన్న మాట ఇద్దరికీ ఒకటే, ఇద్దరి సమయాన్నీ అది ఒకే తీరుగా ఖాళీ సమయంగా మార్చేస్తుంది. గ్యాస్ సిలిండర్ వచ్చినా, కొరియర్ వచ్చినా, పక్కింటివారు తాళంచెవి ఇచ్చి వెళ్లాలన్నా, అత్తగారికి మాత్రలు అందించాలన్నా ఇంట్లో ఉన్న మనిషే లేవాలి. అదే ఇంటి నుంచి భర్త కూడా పనిచేస్తుంటే, ఆయన గది తలుపు మూసి ఉంటే, "నాన్న మీటింగులో ఉన్నాడు, అల్లరి చేయకు" అని పిల్లలకు చెప్పేది కూడా ఆమే.

లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనులు చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నట్టు తేలింది. 2024 సర్వేలో ఆ సంఖ్యలు 289, 88. మధ్యలో ఒక మహమ్మారి వచ్చి, లక్షల ఇళ్లలో మగవారు కూడా నెలల తరబడి ఇంటి నుంచే పనిచేసి, వంటింట్లో ఏం జరుగుతుందో కళ్లారా చూసి, తిరిగి ఆఫీసులకు వెళ్లారు. పురుషులు వెచ్చించే నిమిషాలు మాత్రం పెరగలేదు. ఉద్యోగం ఇంట్లోకి వచ్చినంత మాత్రాన ఇంటి పని పంపకం మారిపోదనడానికి ఇంతకంటే వేరే రుజువు అక్కరలేదు.

శరీరపు అలసట కంటే మనసు చీలిపోవడం ఇక్కడ పెద్ద బాధ. ఆఫీసుకు వెళ్లే మనిషికి గడప దాటడం అనే ఒక క్రియ ఉంటుంది. చెప్పులు వేసుకోవడం, బండి తీయడం, దారిలో నలుగురిని చూడటం, ఇవన్నీ ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి మారడానికి మనసుకు సమయం ఇస్తాయి. ఒక పని సగంలో వదిలి మరో పనిలోకి దిగితే మొదటి పని తాలూకు ధ్యాస కొంత వెనకే మిగిలిపోతుందని, అందువల్ల రెండో పని చెడుతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రయోగాలతో చూపించారు. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్న తల్లికి గడప దాటడం అనేదే లేదు. ఆమె ఒక ఎక్సెల్ షీట్ వరుస మధ్యలో లేచి డైపర్ మార్చి, కుక్కర్ మూడో విజిల్‌కు స్టవ్ కట్టేసి, తిరిగి అదే వరుస దగ్గర కూర్చుంటుంది. షీట్ చూస్తుంటే పిల్లవాడు గుర్తొస్తాడు, పిల్లవాడికి ముద్ద పెడుతుంటే షీట్ గుర్తొస్తుంది. మీటింగు సమయంలో చేతికి ఫోన్ ఇచ్చి కూర్చోబెడితే, రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట మనసులో ములుకులా దిగుతుంది. తప్పు చేస్తున్నానన్న భావం రెండు వైపుల నుంచీ వస్తుంది. ఆఫీసులో అరగంట ఆలస్యమైతే బిడ్డ పేరు చెప్పడానికి సిగ్గు, బిడ్డ ఏడిస్తే ఆఫీసు పేరు చెప్పడానికి అంతకంటే సిగ్గు.

చట్టం ఈ తల్లిని పూర్తిగా మరచిపోలేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించినప్పుడు, మొదటి ఇద్దరు పిల్లల విషయంలో జీతంతో కూడిన సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. 50 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలన్న నియమం వచ్చింది. పని స్వభావం అందుకు వీలిస్తే, సెలవు ముగిశాక కూడా ఇంటి నుంచి పనిచేసే వీలును యజమాని, ఉద్యోగిని పరస్పర అంగీకారంతో కల్పించుకోవచ్చన్న మాట కూడా అప్పుడే చట్టంలోకి చేరింది. అయితే అది "కల్పించుకోవచ్చు" మాత్రమే, "కల్పించాలి" కాదు. అంగీకారం కుదిరిన చోట కూడా, ఇంట్లో ఆమె గంటలు ఎవరు కాపాడాలన్నది చట్టం పరిధిలోకి రాదు. మేనేజర్ ఒప్పుకున్నంత తేలిగ్గా ఇల్లు ఒప్పుకోదు. బీడీ కార్మికురాలి విషయానికొస్తే, ఇంట్లో కూర్చుని చుట్టేవారిని కూడా 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం కార్మికులుగా గుర్తించింది. లేసు అల్లే స్త్రీకి అటువంటి ప్రత్యేక చట్టం కూడా రాలేదు.

తృప్తి అన్న మాట దగ్గరికి ఇప్పుడు రావాలి. తెలుగులో తృప్తికి, సర్దుకుపోవడానికి మధ్య గీత చాలా సన్నగా ఉంటుంది, ఆ గీత చెరిగిపోవడం వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. అన్నం తిని "ఇక చాలు" అని చెయ్యి అడ్డం పెట్టడం తృప్తి. గిన్నె ఖాళీగా ఉందని చూసి, ఆకలి లేదని చెప్పి లేవడం సర్దుబాటు. రెండిట్లోనూ మనిషి వడ్డన ఆపమనే అంటుంది, బయటి నుంచి చూసేవారికి తేడా తెలియదు. మన ఇళ్లలో తల్లులు తరాల తరబడి రెండోది చేస్తూ మొదటిదాని పేరు పెట్టుకున్నారు. కాబట్టి ఇంటి నుంచి పనిచేసే తల్లికి తృప్తి గురించి చెప్పదలచినవారు ముందుగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆమెను కడుపు నిండిన చాలు అనమంటున్నారా, గిన్నె ఖాళీ అయిన చాలు అనమంటున్నారా?

కడుపు నిండిన చాలు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఎంతో దూరం పోనక్కరలేదు. ఇంట్లో ఏ పూజ చేసినా సంకల్పంలో ఒక మాట వస్తుంది. "యథాశక్తి ధ్యానావాహనాది షోడశోపచార పూజాం కరిష్యే" అని చెప్పి నీళ్లు వదులుతారు. పదహారు ఉపచారాలు చేస్తానని మాట ఇస్తూనే, దానికి ముందు "శక్తి ఉన్నంత మేరకు" అని కొలత పెట్టుకోవడం గమనించదగ్గది. పూజ చివర మళ్లీ "మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం" అంటూ లోపాలన్నిటినీ ఏకరువు పెట్టి, జరిగినదాన్నే పరిపూర్ణంగా స్వీకరించమని వేడుకుంటారు. మంత్రం తప్పి ఉండవచ్చు, క్రియ తప్పి ఉండవచ్చు, చివరికి భక్తి కూడా చాలకపోయి ఉండవచ్చు. ఆ మూడూ ఒప్పేసుకున్నాక కూడా పూజ పూర్తయినట్టే. హారతి కళ్లకు అద్దుకుని లేచిన మనిషి, మిగిలిపోయిన ఉపచారాల జాబితా మనసులో పెట్టుకుని రాత్రంతా నిద్ర మానుకోనక్కరలేదు.

తరాల తరబడి నోటికొచ్చిన ఈ మాటల్లో, ఇంటి నుంచి పనిచేసే తల్లికి కావలసిన మానసిక సూత్రం మొత్తం ఉంది. ఆమె రోజుకు లేనిది మొదట్లో కొలత, చివర్లో ముగింపు. ఇంటి పనికి ఐదున్నరకు సెలవు లేదు, తల్లితనానికి అసలే లేదు, ఆఫీసు పని ఫోన్‌లో వెంటే తిరుగుతుంది. మొదలైనప్పుడు ఎంత చేయాలో చెప్పుకోలేదు కనుక, ముగిసినప్పుడు ఎంత చేశామో తెలియదు. తెలియకపోవడం వల్ల ఎంత చేసినా తక్కువే అనిపిస్తుంది. పొద్దున్నే లాగిన్ కాకముందు రెండు నిమిషాలు కూర్చుని, ఈ రోజు శక్తి ఇంత, రాత్రి బిడ్డ మూడుసార్లు లేచాడు కనుక నిన్నటికంటే తక్కువ, కాబట్టి పని కూడా ఇంతే అని ఒక సంకల్పం చెప్పుకోవడం, రాత్రి ల్యాప్‌టాప్ మూసేటప్పుడు చేయలేనివాటిని పేరు పెట్టి ఒప్పుకుని దేవుడి ముందు దించేయడం, ఈ రెంటికీ పూజగది కూడా అక్కరలేదు. మొదటిది గర్వాన్ని ఆపుతుంది, రెండోది అపరాధ భావాన్ని ఆపుతుంది. నమ్మకం ఉన్న మనిషికి ఇది వట్టి ఓదార్పు కాదు. లోపాన్ని నింపేవాడు ఒకడున్నాడని ఆమె నిజంగా నమ్ముతుంది, కాబట్టే దించగలుగుతుంది.

పిల్లల వైద్యంలో, మనస్తత్వ శాస్త్రంలో పేరుపొందిన బ్రిటిష్ వైద్యుడు డొనాల్డ్ వినికాట్ 1953లో ఇంచుమించు ఇదే మాటను వేరే దారిలో చెప్పారు. బిడ్డకు కావలసింది లోపం లేని తల్లి కాదు, చాలినంత మంచి తల్లి. పుట్టిన కొత్తలో ఆమె బిడ్డ అవసరాలకు దాదాపు పూర్తిగా ఒదిగిపోతుంది. బిడ్డకు ఓర్చుకునే శక్తి పెరిగేకొద్దీ ఆ ఒదుగుడు కొద్దికొద్దిగా తగ్గుతుంది, ఆ తగ్గడం వల్లే బిడ్డ బయటి ప్రపంచాన్ని అర్థం చేసుకోవడం నేర్చుకుంటాడు. మీటింగు అయ్యేదాకా పది నిమిషాలు ఆగిన మూడేళ్ల పిల్లవాడికి అన్యాయమేమీ జరగలేదని, నెలల బిడ్డ విషయంలో మాత్రం అదే పది నిమిషాలు వేరే సంగతి అని ఈ మాటను బట్టి అర్థమవుతుంది. అందరు తల్లులకూ ఒకే సలహా ఇవ్వడం ఎందుకు తప్పో కూడా తెలుస్తుంది.

చర్చిల్లో తృప్తి గురించి ప్రసంగించేటప్పుడు ఎక్కువగా ఎత్తుకునే మాట, బైబిల్లో ఫిలిప్పీయులకు పౌలు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, నాలుగో అధ్యాయంలోనిది. ఏ స్థితిలో ఉన్నా ఆ స్థితిలో సంతృప్తిగా ఉండటం నేర్చుకున్నానని ఆయన అంటాడు. రాసింది ఖైదీగా ఉండి. ఈ వాక్యంలో "నేర్చుకున్నాను" అన్న పదం మీద ఆగాలి. తృప్తి పుట్టుకతో వచ్చే స్వభావం కాదు, ఆడవారికి సహజంగా అబ్బే ఓర్పు అంతకంటే కాదు. అది ఏళ్ల తరబడి కుస్తీపట్టి సాధించుకున్న విద్య. ఇంతకంటే ముఖ్యమైనది మూడు వచనాల తర్వాత వస్తుంది. నా శ్రమలో మీరు పాలుపంచుకోవడం మంచి పని అని అదే పౌలు ఫిలిప్పీ సంఘాన్ని మెచ్చుకుంటాడు. తృప్తిగా ఉన్నాను కాబట్టి మీ సాయం నాకెందుకు అనలేదు. పదకొండో వచనాన్ని తల్లులకు చదివి వినిపించి పద్నాలుగో వచనాన్ని మూసేయడం ఆ పత్రికకు న్యాయం చేయడం కాదు.

ఇటువంటి జంట మాటలు ఇస్లాం సంప్రదాయంలోనూ ఉన్నాయి. తిరగలి తిప్పి తిప్పి చేతులు బొబ్బలెక్కిన ఫాతిమా, ఇంటి పనికి ఒక సేవకురాలు కావాలని తండ్రి అయిన ప్రవక్తను అడగడానికి వెళ్లిన సంగతి హదీసుల్లో, అంటే ప్రవక్త మాటలు, నడవడి గురించిన ఉల్లేఖనాల్లో, ప్రసిద్ధం. పడుకునే ముందు సుబ్‌హానల్లాహ్, అల్‌హమ్దులిల్లాహ్, అల్లాహు అక్బర్ అని స్మరించుకోవడం అంతకంటే మేలు చేస్తుందని ఆయన ఆమెకూ, ఆమె భర్త అలీకీ కలిపి చెప్పారు. ఈనాటికీ ఎన్నో ముస్లిం ఇళ్లలో తల్లులు పడుకునే ముందు వేళ్ల కణుపుల మీద ఆ లెక్క పెట్టుకుంటారు. దాని పక్కనే చదవవలసిన మరో హదీసు ప్రవక్త భార్య ఆయిషా చెప్పినది. ప్రవక్త ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో ఉండేవారని, నమాజు వేళ కాగానే లేచి వెళ్లేవారని ఆమె జవాబిచ్చింది. పాలిచ్చే తల్లి తనకో, బిడ్డకో ఇబ్బంది అవుతుందనుకుంటే రంజాన్ ఉపవాసం ఆ రోజుకు మానుకోవచ్చన్న సడలింపు కూడా ఆ ధర్మంలోదే. తల్లి శరీరానికి ఒక హద్దు ఉందని దేవుడు ఒప్పుకున్నప్పుడు, డెడ్‌లైన్ ఒప్పుకోకపోవడానికి కారణం కనిపించదు.

ఊరట చెప్పిన ప్రతి చోటా పంచుకోవడం పక్కనే ఉంది. మన ఇళ్లకు వచ్చేసరికి ఊరట స్త్రీల వాటాకు మిగిలింది, పంచుకోవడం ఎవరి వాటాకూ రాలేదు. విశ్వాసం మీద విమర్శ పెట్టవలసిన చోటు ఇదే. నమ్మకమే ఆడవారిని అణచివేసిందని కొట్టిపారేసేవారు కూడా, ఓర్చుకోవడమే భక్తి అని బోధించేవారిలాగే, చెప్పిన మాటలో సగాన్నే చూస్తున్నారు.

నమ్మకం కూడా ఒక్కోసారి పనుల జాబితాలో మరో పని అయి కూర్చుంటుంది, ఈ సంగతి దాచడం నిజాయితీ కాదు. శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతం శుక్రవారం వస్తుంది, అంటే పనిరోజున. తెల్లవారుజామున నాలుగింటికి లేచి తలంటు, కలశం, పిండివంటలు, తొమ్మిది ముడుల తోరం, తొమ్మిదింటికి లాగిన్, సాయంత్రం పేరంటానికి పిలుపులు, ఆపై మళ్లీ మీటింగు. అమ్మవారి అలంకరణ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేసరికి, పక్కింటివారి అలంకరణతో పోలిక మొదలవుతుంది. దేవుడి ముందు కూడా పరీక్ష రాస్తున్నట్టు ఉంటే ఇక ఊరట ఎక్కడిది? వ్రతకథలోని చారుమతి చేసిన పని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కలలో అమ్మవారు కనిపించి వ్రతం చేయమన్నాక ఆమె ఆ మాట ఇంట్లోవారికి చెప్పింది, ఊళ్లోని స్త్రీలంతా తెలుసుకుని, ఆ రోజు అందరూ ఒకచోట చేరి కలిసి చేసుకున్నారు. ఒంటరిగా ఒక మనిషి పదిమంది పని చేసి చూపించడం ఆ కథలో లేదు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఇంటి నుంచి పనిచేసే ఐదారుగురు స్త్రీలు ఒక ఇంట్లో ఒకే కలశం పెట్టుకుని, తలా ఒక వంటకం తెచ్చుకుంటే కథకు దగ్గరగా ఉన్నట్టే అవుతుంది. పనులూ సగానికి సగం తగ్గుతాయి.

కలిసి చేసుకోవడం తగ్గిపోవడం వల్ల పోయింది ఇంకొకటి కూడా ఉంది. వడ్లు దంచేటప్పుడు దంపుళ్ల పాటలు, తిరగలి తిప్పేటప్పుడు తిరగలి పాటలు ఉండేవి. వాటిలో చాలా భాగం సీత కష్టాలు, రాముడి సంగతులు, కృష్ణుడి అల్లరి. రోకలి పోటుకు ఒక చరణం, తిరగలి తిప్పుకు ఒక పదం. దేవుడి తలపు పనిని ఆపి చేసుకునేదిగా కాక, పని లయలోనే ఇమిడి ఉండేది, రోకలికి రెండో వైపు మరో మనిషి కూడా ఉండేది. కీబోర్డు పనికి అలాంటి లయ లేదు, అక్షరాలతో పనిచేసే మనసు మరో అక్షరాన్ని పలకలేదు. కాబట్టి ఇప్పటి తల్లికి నమ్మకం పని మధ్య ఖాళీల్లోనే చోటు వెతుక్కోవాలి. బిడ్డకు పాలిచ్చే ఇరవై నిమిషాలు, ఊయల ఊపుతూ జోలపాట పాడే పది నిమిషాలు, కూర పొయ్యి మీద మగ్గే కాసేపు. ఆ సమయంలో ఫోన్ తీసి మెసేజ్‌లకు జవాబిచ్చే బదులు ఒక నామమో, ఒక కీర్తనో, ఒక దువానో చెప్పుకోవడం మొదలుపెట్టిన స్త్రీలు, రోజులో తమకంటూ ఒక చోటు దొరికిందని చెబుతారు. బిడ్డకు కూడా ఆ గొంతు తెలుస్తుంది. మీటింగులో వినిపించే గొంతు కంటే అది వేరని నెలల పిల్లలు సైతం గుర్తుపడతారు.

విదేశాల్లో ఉన్న తెలుగు తల్లి పరిస్థితి ఇంకొంచెం కఠినం. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఇంటి నుంచి పనిచేసే స్త్రీకి అమ్మో, అత్తగారో విజిటర్ వీసా మీద వచ్చి ఉండేది సాధారణంగా ఆరు నెలలు. వారు విమానం ఎక్కిన మర్నాటి నుంచి ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. ఆదివారం గుడికో, చర్చికో వెళ్లడం అక్కడ భక్తి కోసం ఎంతో, బిడ్డను పది నిమిషాలు ఎత్తుకునే మరో చెయ్యి కోసం కూడా అంతే. దానిలో తక్కువతనం ఏమీ లేదు. చేతులు కలపడం కూడా ఆరాధనలో భాగమేనని పైన చెప్పిన కథలన్నీ ఒప్పుకుంటున్నాయి.

ఇవన్నీ ఇంట్లో ఏదైనా మార్పు తేవాలంటే, చివరికి రోజులో కొన్ని గంటల బాధ్యత చేతులు మారాలి. భర్త సాయం చేస్తున్నాడు అన్న మాటలోనే, పని ఆమెదన్న ఒప్పుకోలు ఉంది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లవాడు, అన్నం, దీపం ఆయనవి అని తేల్చుకున్న ఇంట్లో "సాయం" అన్న పదం అవసరం రాదు. ఆ రెండు గంటల్లో అన్నంలో నెయ్యి ఎక్కువైనా, చొక్కా తిరగేసి తొడిగినా లోపలి గదిలో నుంచి సరిదిద్దకుండా ఉండటం తల్లి నేర్చుకోవలసిన తృప్తి. అది అంత తేలిక కాదు, దానికీ పౌలు చెప్పినంత సాధన కావాలి. సంకల్పంలో "సహకుటుంబానాం" అని కుటుంబం మొత్తాన్ని కలుపుకుని చెప్పుకునే ఇంట్లో, దీపం పెట్టే చెయ్యి ఆడవారిదే కావాలన్న పట్టింపు అలవాటు వల్ల వచ్చిందే తప్ప మరొకటి కాదు.

అలా తేల్చుకున్న ఇంట్లో నవంబరు మొదటి ఆదివారం తర్వాత మీటింగు ఏడున్నరకు మారినా దీపం వేళ మారదు. పావు తక్కువ ఏడింటికి తండ్రి వత్తి నూనెలో తడిపి కుందిలో వేస్తాడు, మూడేళ్ల పిల్లవాడు గంట రెండు చేతులతో పట్టుకుని ఊపుతాడు. మార్చి వచ్చి మీటింగు మళ్లీ ఆరున్నరకు జరిగిన రోజున, గంట చప్పుడు మూసిన తలుపు దాటి ఆమె మైకులోకి కూడా వినిపిస్తుంది, అవతల ఎవరో ఆ శబ్దం ఏమిటని అడుగుతారు. మా ఇంట్లో దీపం పెడుతున్నారు అని చెప్పి, ఆమె తన పని కొనసాగిస్తుంది.